తంత్రి చివరి అక్షరం

జలధి ఓడతో సంబంధం తెగిపోయిందని కబురు వచ్చేసరికి వింధ్యావళి పరిశోధనశాల క్యాంటీన్‌లో టిఫిన్ ముందు కూర్చుని ఉంది. ఆ కబురు మోసుకొచ్చింది డైరెక్టర్ హరగోపాల్. ఆయన క్యాంటీన్‌లో అడుగుపెట్టడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆయన ముఖం చూసి లేచి నిలబడింది.

ఓడలోవాళ్ళందరినీ హెలికాప్టర్లలో ఒడ్డుకు చేర్చారని, ఇంజన్లు ఆగిపోయిన ఓడ అలల్లో ఉత్తరానికి కొట్టుకుపోతోందని ఆయన చెప్పాడు. ఆ తరువాతి మాట చెప్పలేక కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాడు.

చెప్పనక్కర్లేదు. ఆ ఓడ ఉండాల్సిన చోట, సముద్రం అడుగున, కూర్మలో ముగ్గురు మనుషులున్నారు. వాళ్ళలో ఒకడు ఆమె భర్త కోదండపాణి.

కూర్మ అంటే ముగ్గురు ఇరుక్కుని కూర్చునే లోహపు గోళం. బంగాళాఖాతం అడుగున బురదలోంచి వాయువులు బుడగలుగా ఊరే చోట్లు చూసి రావడానికి రెండు రోజుల పని మీద దిగింది. నాయకుడు కోదండపాణి. నడిపేవాడు అప్పలస్వామి, భీమిలి పక్కన జాలరిపేటలో పుట్టి నేవీలో చాలాకాలం పనిచేసి వచ్చిన మనిషి. మూడో ఆమె జెస్సీ, సముద్రజీవుల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. దిగిననాడు అల్పపీడనం ఒడిశా వైపు పోతుందన్నారు. అది అటు పోకుండా వెనక్కి మళ్ళి, తెల్లారేసరికి తుఫానై కూర్చుంది.

కూర్మకి ఒక నియమం ఉంది. పైనున్న ఓడ మాట వినిపించకుండా పోతే ఒక పూట ఎదురుచూడాలి. అప్పటికీ వినిపించకపోతే అడుగున బిగించిన ఇనుప బరువులు వదిలేసి తమంతట తాము పైకి తేలాలి. మామూలు రోజుల్లో అది మంచి నియమమే. కానీ ఇప్పుడు పైన మూడంతస్తుల ఎత్తున అలలు లేస్తున్నాయి. కొక్కెం తగిలించి లాగే ఓడ లేదు. ఆ అలల్లో కూర్మ తలుపు తెరిస్తే నీళ్ళు నిండుతాయి, తెరవకపోతే లోపలివాళ్ళు గోడలకు కొట్టుకుని చస్తారు. ఆ సంగతి కింద ఉన్నవాళ్ళకు తెలియదు. సాయంత్రం కాగానే నియమం ప్రకారం బరువులు వదిలేస్తారు.

"తంత్రితో వాళ్ళకి చెప్పగలమా?" అని అడిగాడు హరగోపాల్.

తంత్రి వింధ్య పదేళ్ళ కష్టం. ఆకాశంలో రెండు చిన్న ఉపగ్రహాలు, వాటి మధ్య ఇరవై కిలోమీటర్ల పొడవున వేలాడే సన్నని అల్యూమినియం తీగ. భూమి అయస్కాంత క్షేత్రాన్ని కోసుకుంటూ అంత వేగంతో పరుగెత్తే తీగలో విద్యుత్తు దానంతట అదే పుడుతుంది. ఆ విద్యుత్తును ఆపుతూ వదులుతూ ఉంటే తీగ చుట్టూ పరుచుకుని ఉన్న ప్లాస్మా, విద్యుదావేశం నిండిన ఆ పలుచటి వాయువు, అలలుగా ఊగుతుంది. ఆ అలలు ఎలా పుడతాయో, ఎంత దూరం పోతాయో తేల్చడమే ఆమె ఉద్యోగం.

అవి కిందికి దిగి సముద్రంలోకి కూడా చొరబడతాయని కనిపెట్టింది మాత్రం కోదండపాణి. ఒకరోజు సముద్రం మీంచి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, నిన్న మధ్యాహ్నం నీ తీగని ఏం చేశావని అడిగాడు. నీళ్ళలో అతను దించిన అయస్కాంతమాపకం ఆ సమయానికి ఎవరో తలుపు తడుతున్నట్టు కదిలిందట. మామూలు రేడియో ఉప్పునీళ్ళలో బారెడు దూరం పోదు. ఇంత మందకొడి అల మాత్రం వందల మీటర్లు దిగుతుంది. భార్యాభర్తలిద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని తెలుగు అక్షరాలకు గుర్తులు కట్టారు. మొదటిసారి ఆమె 'ఉప్పు' అని పంపితే అతనికి 'ఉ' ఒక్కటే అందింది. పైకొచ్చాక, ఉన్నావా అంటున్నావో ఉరేసుకోమంటున్నావో తెలియక చచ్చాననుకో అని వారం రోజులు ఏడిపించాడు.

అప్పటినుంచి కూర్మలో ఆ మాపకం ఎప్పుడూ ఉంటుంది. ఆ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. పైనుంచి కిందికి చెప్పగలరే గాని కింద ఉన్నవాళ్ళు తిరిగి జవాబివ్వలేరు. రెండోది, తీగలో పుట్టే విద్యుత్తు ఊరికే రాదు, తంత్రి వేగాన్ని తినే వస్తుంది. పంపిన ప్రతి అక్షరానికీ తంత్రి కొంత కిందికి దిగుతుంది. ఇప్పుడు కూర్మ ఉన్నంత లోతుకు వినిపించాలంటే విద్యుత్తు పూర్తిగా వదలాలి. అలా ఎన్ని అక్షరాలు పంపగలరో, ఎప్పుడు తంత్రి గాలిపొరల్లో పడి కాలిపోతుందో అంతకు ముందెవరూ చూసింది లేదు.

"చెప్పగలం. తంత్రి మిగలకపోవచ్చు" అంది వింధ్య.

హరగోపాల్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పంపండి అన్నాడు. ఆ సంగతి ఆమె తరువాత కూడా మరిచిపోలేదు.

కంట్రోల్ గదిలో 'రావద్దు' అని పంపుదామన్నారు. వింధ్య ఒప్పుకోలేదు. తంత్రి ఒకసారి బంగాళాఖాతం మీదుగా పోయే కాసిన్ని నిమిషాల్లో ఒక్క అక్షరమే పంపడానికి వీలవుతుంది. రెండో అక్షరానికి మళ్ళీ భూమిని చుట్టి రావాలి. మొదటి 'రా' చేరి తక్కినవి చేరకపోతే రమ్మని పిలిచినట్టవుతుంది. 'ఆగు' అని పంపుదామంది. 'ఆ' ఒక్కటే అందినా, పైనుంచి ఎవరో మాట్లాడుతున్నారని తెలిసి కోదండపాణి కాసేపైనా చూస్తాడు.

తీగను నడిపే ఇంజనీరు నస్రీన్ మొదటిసారి విద్యుత్తు పూర్తిగా వదిలినప్పుడు గదిలో అందరూ తెర ముందుకు చేరారు. తెర మీద గీత మెల్లిగా లేచింది, పడింది, మళ్ళీ లేచింది. తంత్రి ఇండోనేషియా వైపు దాటిపోయాక నస్రీన్, అనుకున్న దానికంటే ఎక్కువే దిగింది మేడమ్ అని గొంతు తగ్గించి చెప్పింది. మధ్యాహ్నానికి రెండో అక్షరం కూడా వెళ్ళింది.

సాయంత్రమైంది. నియమం ప్రకారం కూర్మ పైకి తేలవలసిన సమయం వచ్చింది. తేలితే దాని నెత్తిన ఉన్న బీకన్ ఉపగ్రహాలకు సంకేతం ఇస్తుంది. అందరూ ఆ తెర వైపే చూస్తూ కూర్చున్నారు. ఏ సంకేతమూ రాలేదు. చీకటి పడింది. అప్పటికీ రాలేదు.

మాట చేరిందనడానికి రుజువు ఏమీ జరగకపోవడమే. చేరకముందే ముగ్గురూ చచ్చిపోయినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఆ రెండో మాట గదిలో ఎవరూ పైకి అనలేదు.

* * *

మర్నాడు ఉదయం ఒకసారి ఇంటికి వెళ్ళిరమ్మని హరగోపాల్ బలవంతాన జీపెక్కించాడు. దారిపొడవునా చెట్లు విరిగి పడున్నాయి. విశాఖ ఊరంతా కరెంటు లేదు. ఇంటర్ చదువుతున్న కూతురు కుముద పక్కింటివాళ్ళ గ్యాస్ పొయ్యి మీద వండించిన అన్నం గిన్నెలో తెచ్చుకుని, తినకుండా మూతపెట్టి ఉంచింది.

"నాన్న విన్నాడా?" అని అడిగింది తల్లి లోపలికి రాగానే.

విన్నాడనే అనుకుంటున్నామంది వింధ్య. తడిసిన చీర మార్చుకుంటూ, కూర్మలో ఇంకా రెండు రోజులకు సరిపడా గాలి ఉంటుందని, పీల్చి వదిలిన గాలిని శుభ్రం చేసే డబ్బాలున్నాయని, తుఫాను రేపటికి తీరం దాటేస్తుందని వరసగా చెప్పింది. చెబుతున్నంతసేపూ కూతురు ముఖం వైపు చూడలేదు.

"నువ్వు ఆగమంటే ఆగుతాడా నాన్న?"

బయల్దేరే ముందురోజు ఇదే గదిలో ఇద్దరూ గొడవపడ్డారు. బీపీ మాత్రలు వేసుకునే మనిషివి, ఈసారి కుర్రవాళ్ళనెవరినైనా దించమని ఆమె అంది. ఇంకా ఎన్నిసార్లు దిగనిస్తారులే అని అతను నవ్వి కొట్టిపారేశాడు. ఇంట్లో ఆమె చెప్పిన మాట అతను విన్నది తక్కువ. వానొస్తోంది గొడుగు తీసుకెళ్ళమంటే కూడా వినేవాడు కాదు. కానీ పనిలో ఆమె ఇచ్చిన లెక్కను మళ్ళీ సరిచూసుకోవడం కూడా అవమానమనుకునేవాడు. వింధ్య చెప్పిందంటే అంతే అని ఓడలో అందరి ముందూ అనేవాడట.

"ఇందులో ఆగుతాడు" అంది చివరికి.

ఇద్దరూ ఆ అన్నంలో పెరుగు కలుపుకుని తిన్నారు. కుముదకు రెండు ముద్దలు కూడా దిగలేదు. తండ్రికి తన పేరు పంపమని అడుగుతుందేమోనని వింధ్య భయపడింది. పిల్ల అడగలేదు. అడిగి ఉంటే కాదనాల్సి వచ్చేది.

ఆ రోజే ఆమె 'ఆగు' అని మరోసారి పంపించింది. అవసరమా అని హరగోపాల్ సందేహించాడు. మొదటిసారి అందకపోయి, పై మాట కోసం ఇంకొంచెం చూద్దామని వాళ్ళంతట వాళ్ళే ఆగి ఉంటే, ఏ క్షణాన్నయినా తేలిపోవచ్చని ఆమె వాదించింది. ఆమె మొదటినుంచీ అలాంటి మనిషే. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వచ్చి చూసుకునే మనిషి. తంత్రిని అన్నేళ్ళు చెక్కుచెదరకుండా నిలబెట్టింది కూడా ఆ జాగ్రత్తే.

మళ్ళీ రెండు అక్షరాలు వెళ్ళాయి. తంత్రి మరింత దిగింది. ఇక ఒక్క అక్షరానికి ఓపిక ఉందని, రెండోది అనుమానమేనని నస్రీన్ లెక్కగట్టి చెప్పింది. ఒక్కటి చాలనుకుంది వింధ్య. 'రా' ఒక్క అక్షరమే.

* * *

తుఫాను అనుకున్నట్టు తీరం దాటలేదు. కదలకుండా సముద్రం మీదే ఉండిపోయింది. మూడో రోజు ఉదయానికి గాని మెత్తబడలేదు.

అప్పటికి కంట్రోల్ గది బయట వరండాలో జెస్సీ తల్లి దేవమణి వచ్చి కూర్చుంది. కాకినాడలో టీచరుగా రిటైరయిన మనిషి. రోడ్లు తెగిపోతే పాలవ్యానులోనూ లారీలోనూ ఎక్కి వచ్చిందట. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. వింధ్య అటు పోయినప్పుడల్లా లేచి నిలబడేది, ఆమె దాటిపోయాక కూర్చునేది.

మధ్యాహ్నం తంత్రి బంగాళాఖాతం మీదికి వచ్చే వేళయింది. ఆ తరువాత మళ్ళీ వచ్చేది పొద్దు వాలే వేళకు. రెంటిలో ఏదో ఒకప్పుడు 'రా' అని పంపాలి. సహాయానికి బయల్దేరిన ఓడ కెప్టెన్ ఫోనులో దొరికాడు. అలలు సగానికి తగ్గాయని, గోళం తేలితే తగిలించి లాగడానికి ప్రయత్నించగలనని, మాట మాత్రం ఇవ్వలేనని చెప్పాడు. సాయంత్రానికైతే భయం లేదన్నాడు. వాతావరణం చూసేవాళ్ళూ అదే అన్నారు. కూర్మలో గాలి లెక్క ప్రకారం మర్నాడు తెల్లవారుదాకా సరిపోవాలి. అన్నీ సవ్యంగా ఉంటే.

తంత్రి సంగతి ఇందుకు తలకిందులుగా ఉంది. మధ్యాహ్నం పంపితే అక్షరం చేరుతుందన్న నమ్మకం ఎక్కువ. సాయంత్రానికి తంత్రి ఇంకా దిగి గాలి తగిలే ఎత్తుకు వస్తుంది, అప్పుడు తీగ ఎలా ఉంటుందో తెలియదు. నస్రీన్ మధ్యాహ్నమే పంపుదామంది. హరగోపాల్, నిర్ణయం మీది వింధ్యగారూ అన్నాడు. గౌరవంతో అన్నాడో, భారం దింపుకోవడానికన్నాడో తెలియలేదు.

వింధ్య అలల ఎత్తు చూపించే తెర ముందు నిలబడిపోయింది. మధ్యాహ్నం పిలిస్తే, తన కళ్ళముందే, ఆ ముగ్గురూ అలల్లో పగిలిపోవచ్చు. ఆ పిలుపు తనదే అవుతుంది. సాయంత్రం దాకా ఆగితే అందరూ క్షేమంగా రావచ్చు. లెక్క సాయంత్రమే మేలంటోంది. అది లెక్క చెప్పిన మాటో, తన లోపలి భయం చెప్పిన మాటో విడదీసి చూడడానికి ఆమెకు వ్యవధి లేదు.

దేవమణి గుమ్మం దాకా వచ్చింది. లోపల మాట్లాడుకున్నది ఆమెకు వినబడి ఉండాలి.

"మా అమ్మాయికి చిన్నప్పట్నుంచీ మూసిన గది పడదమ్మా" అంది. "కిటికీ లేని చోట నిద్రపోదు. మూడు రోజులైంది. ఇప్పుడే పిలవండి."

అలలు ఇంకా పెద్దవిగానే ఉన్నాయని, ఒక్క అక్షరమే మిగిలిందని, దాన్ని తొందరపడి వాడేస్తే మళ్ళీ దిద్దుకునే వీలుండదని వింధ్య వివరించింది. చెబుతుంటే తన గొంతు తనకే పాఠం చెబుతున్నట్టు వినిపించింది.

"మీవారూ అక్కడే ఉన్నారు కదమ్మా. మీకు తెలీదని కాదు" అంది దేవమణి. "ఒక్కటే ఉందని దాచుకుంటే ఎలాగ?"

వింధ్య తెర వైపు తిరిగి, సాయంత్రం పంపుదామంది. తంత్రి నెత్తిమీదుగా మౌనంగా దాటిపోయింది.

* * *

సాయంత్రం మబ్బులు విడి పడమర ఎర్రబడింది. తంత్రి కనుచూపుకి అందేంత కిందికి వచ్చిందని, ఆరుబయట నిలబడితే గీతలా కనబడుతుందని ఎవరో అన్నారు. వింధ్య బయటికి వెళ్ళలేదు.

నస్రీన్ విద్యుత్తు వదిలింది. గీత ఒకసారి లేచింది. రెండోసారి లేవబోతూ వణికింది. పలచటి గాలి తగిలి తీగ విల్లులా వంగుతోంది. అక్షరం సగానికి వచ్చేసరికి తెర మీద గీత నేలకు పడి మరి లేవలేదు. తీగ తెగిపోయింది. కింది ముక్క నిప్పై రాలడం భీమిలి ఒడ్డున నిలబడ్డవాళ్ళంతా చూశారు.

సగం అక్షరం ఏమని అర్థమవుతుందని హరగోపాల్ అడిగాడు. ఏమీ కాదంది వింధ్య.

ఆ మాట ఆమె నోట్లో ఉండగానే బీకన్ తెర మీద చుక్క వెలిగింది. ఎవరో అరిచారు. నస్రీన్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేసింది. వరండాలో దేవమణి నేల మీద మోకరిల్లింది. కూర్మ పైకి తేలింది, ఓడ అప్పటికే దగ్గరలో ఉంది. హరగోపాల్ వింధ్య చేతులు రెండూ పట్టుకుని, చేరింది, సగమే అయినా చేరింది, పాణిగారు గుర్తుపట్టారు అన్నాడు.

వింధ్య ఒక్కతే గోడనున్న గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది. అంత లోతు నుంచి కూర్మ పైకి రావడానికి చాలాసేపు పడుతుంది. ఇప్పుడు తేలిందంటే, తంత్రి దిగంతం దాటి ఇటు రాకముందే బరువులు వదిలేసి ఉండాలి. వాళ్ళు తన పిలుపు విని రాలేదు. తాను ఆగమన్నచోట ఎంతకాలమైనా ఆగే మనిషి తన భర్త. తాను రమ్మన్నది అతనికి అందలేదు. మరి బరువులు వదిలిందెవరు?

ఆ ప్రశ్న నుంచి, అతనెందుకు ఆపలేదన్న రెండో ప్రశ్నకు ఆమె పోలేదు. పోవలసిన పని కూడా లేకపోయింది. ఓడ కెప్టెన్ ఫోను చేసి ఇద్దరు బతికున్నారని చెప్పాడు.

* * *

ఆ తరువాత పదిహేను రోజులూ ఇల్లు మనుషులతో నిండిపోయింది. ఆకాశం నుంచి తీగ మాట్లాడి ఇద్దరి ప్రాణాలు కాపాడిందని పేపర్లు రాశాయి. టీవీవాళ్ళు కంట్రోల్ గది చూపించి, ఆగు అన్న మాటను మళ్ళీ మళ్ళీ వినిపించారు. అది అబద్ధం కూడా కాదు. మొదటిరోజు సాయంత్రం తేలి ఉంటే ముగ్గురూ పోయేవారే. కొత్త తంత్రికి, ఇంతకంటే పొడుగైనదానికి, అనుమతి వచ్చేలా ఉందని హరగోపాల్ వచ్చి చెప్పాడు. వింధ్య వింటూ కూర్చుంది. మీ అమ్మ గొప్పదమ్మా, నువ్వు ధైర్యంగా ఉండాలి అని వచ్చినవాళ్ళందరూ కుముదకు చెప్పిపోయారు. కుముద తలూపేది.

జెస్సీని చూడడానికి వింధ్య ఆసుపత్రికి వెళ్ళింది. ఆ అమ్మాయి చాలా నెమ్మదిగా మాట్లాడింది. మూడో రోజు ఉదయానికే గాలి శుభ్రం చేసే డబ్బాలు పనిచేయడం తగ్గిందట. అవి చల్లదనానికి గడ్డకట్టిపోయాయి. తలనొప్పి, మగత. తలా ఒక గాలి మాస్క్ ఉంది, ఆఖరికి వాడుకోవాల్సినది. జెస్సీ మాస్క్‌లో గాలి కారిపోయి ఉంది. కోదండపాణి తనది తీసి ఆమెకు తగిలించాడు. అప్పలస్వామి తన మాస్క్ ఇవ్వబోతే, నడిపేవాడివి నువ్వు మత్తులో ఉంటే ఎవరం పైకి రామని కసిరాడు. జెస్సీ అంతవరకే చెప్పగలిగింది. పక్కనే ఉన్న దేవమణి కూతురి నుదుటి మీద చెయ్యి వేసి, ఇక చాలన్నట్టు చూసింది. ఆమె వింధ్యను ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం సంగతి ఎత్తనే లేదు.

కూర్మలోని అయస్కాంతమాపకం రికార్డు పరిశోధనశాలకు వచ్చింది. అందులో 'ఆగు' రెండుసార్లూ స్పష్టంగా ఉంది. మూడో రోజు సాయంత్రం చోట ఏమీ లేదు.

కర్మకాండలు ముగిసిన తరువాత ఒక ఉదయం అప్పలస్వామి ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, కూర్చోమంటే కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. గోడ మీద కొత్తగా దండ వేసిన ఫోటో వైపు చూసి తల దించుకున్నాడు. కుముద కాఫీ తెచ్చి ఇచ్చి అక్కడే గోడనానుకుని నిలబడింది.

ఆ రోజు జరిగింది అతను తడుముకుంటూ చెప్పుకొచ్చాడు. మధ్యాహ్నానికి సారుకు మాట ముద్దగా వస్తోంది. బరువులు వదిలేద్దామని అప్పలస్వామి రెండుసార్లు అడిగాడు. కోదండపాణి ఒప్పుకోలేదు. ఆగమన్న వింధ్యే రమ్మని కూడా చెబుతుందన్నాడు. మాపకం ముందునుంచి కదలనన్నాడు. పొద్దు వాలే ముందు పిలిస్తే పలకలేదు. నాడి చూస్తే అందలేదు. అప్పుడిక ఎవరినీ అడగకుండా అప్పలస్వామి బరువులు వదిలేశాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను. ఉన్నదున్నట్టు సెప్పాల" అన్నాడు. "ఆయాల మద్దేనం ఆయన వద్దన్నా ఇనకుండా నాను బరువులొదిలేసుంటే, సారు బతికీవోరా?"

ఆ మధ్యాహ్నం అలల లెక్కలు వింధ్యకు కంఠతా వచ్చు. ఆ పదిహేను రోజుల్లోనూ వాటిని ఎన్నిసార్లు వేసుకుందో తెలియదు. కెప్టెన్‌ను కూడా మళ్ళీ అడిగింది. ఆ మధ్యాహ్నం సముద్రం అనుకున్నదానికంటే ముందే తగ్గిందని, తేలి ఉంటే లాగగలిగేవాడినేనని అతను చెప్పాడు. సముద్రం మింగేసేది, నువ్వు ఆగి మంచి పని చేశావని ఒక్క మాట అంటే ఈ మనిషి లేచి వెళ్ళి ప్రశాంతంగా నిద్రపోతాడు. కుముద కూడా నిద్రపోతుంది.

"బతికేవారు" అంది వింధ్య.

అప్పలస్వామి గ్లాసు కింద పెట్టి ఫోటో వైపు తిరిగాడు.

"తప్పు మీది కాదు" అంది ఆమె. "ఆ రోజు సముద్రం నాకు కనబడింది, మీకు కాదు. మీకు కింద ఉన్నది నా మాట ఒక్కటే. మధ్యాహ్నమే పిలవమని ఇక్కడ అడిగారు. పిలవనన్నది నేను."

కుముద గోడ దగ్గర నుంచి కదలలేదు. ఇన్ని రోజులుగా జనం చెప్పిపోయిన మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆ ముఖం మీంచి జారిపోవడం తల్లి చూసింది.

"ఎందుకు పిలవలేదమ్మా?"

"భయమేసింది."

ఇంకేమైనా చెబుతుందేమోనని కుముద చూసింది. గాలి లెక్క, తీగ లెక్క, వాతావరణం చూసేవాళ్ళ మాట, అన్నీ ఉన్నాయి. వింధ్య ఏదీ చెప్పలేదు. కుముద అప్పలస్వామి వైపు తిరిగింది.

"నాన్న అమ్మని ఏమైనా అన్నాడా? తిట్టుకున్నాడా?"

"లేదు తల్లీ" అన్నాడు అప్పలస్వామి. భుజం మీది తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. "ఒక్క మాట కూడా అన్నేదు. ఇంకాసేపట్లో పిలుస్తాదన్నారు. ఆకరి దాకా అదే మాట. ఇంకాసేపట్లో పిలుస్తాదని."

అతను తిట్టి ఉంటే బాగుండేదని వింధ్యకు అనిపించింది.